కోటమ్మ ఉతికే బండ మీద సముద్రం

నా భార్య సరళ కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పేది. ఆమె సభ్యురాలిగా ఉన్న విజ్ఞాన సంఘానికి ఒక పద్ధతి ఉంది. సభ్యులు తమ పని గురించి హాల్లో చెప్పరు. పని జరిగిన చోటికే వెళ్ళి, అక్కడి జనం ముందు చెబుతారు. వినేవాళ్ళు మధ్యలో అడ్డుపడొచ్చు. అదంతా వీడియో తీసి సంఘం వెబ్‌సైటులో ‘సభ్యుల కథలు’ కింద పెడతారు. ఈ చలికాలం సరళ వంతు. వేసవిలో ఆమె పోయింది. కార్యదర్శి మూర్తిగారు ఫోన్ చేసి, కథకు బదులు ఫొటోతో నివాళి పెడతామన్నారు. వద్దన్నాను. ఆమె పని పూర్తయింది, చెప్పడమే మిగిలింది, నేను చెబుతానన్నాను. మధ్యలో ఆగిపోతే మాత్రం నివాళే పెడదామని ఆయన ఒప్పుకున్నారు.

నరసరావుపేటలో తెల్లవారుజామున ఐదున్నర బస్సెక్కితే పిడుగురాళ్ళ మీదుగా ఏడున్నరకు గురజాలలో దిగాను. మూర్తిగారు అక్కడే కలిశారు. ఊరవతలి పల్లెకు ఆటో రానూపోనూ నాలుగు వందలు.

“ఏంది సార్, రాళ్ళు చూడ్డానికి వచ్చారా? ఎండాకాలం రావాల్సింది. వాటి మీదే అట్లు పోసుకుని తినొచ్చు” అన్నాడు డ్రైవరు.

ఆ పల్లెలో కోటమ్మ అనే ఆవిడ ఇంటి పెరట్లో బట్టలుతికే బండ ఉంది, సరళ పనంతా దాని మీదే. పొడవునా సన్నటి ముడతలు. ఇరుగుపొరుగు పాతికమంది దాకా చేరారు. మూర్తిగారు ఫోన్ పట్టుకుని నిలబడ్డారు. నేను మొదలుపెట్టాను. ఒకప్పుడు ఇక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేదని, అలలు అడుగు ఇసుకను ముడతలు పెడితే అవి అలాగే రాయిగా గట్టిపడ్డాయని చెప్పాను.

“సముద్రమా? మా బోర్లో బిందెడు నీళ్ళు రావు, సముద్రమంట!” అన్నాడు గోడ మీద కూర్చున్న పెద్దాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

“ఈ బండను మొదట గుర్తించింది నా భార్య...” అన్నాను. పేరు చెప్పాలి. అక్కడే ఆగాను. మూర్తిగారు ఫోన్ కొంచెం దించారు.

“ఏంది అన్నయ్యా, గుర్తించేదేంది? నేను పదేళ్ళ నుంచి ఉతుకుతుంటేనూ!” అంది కోటమ్మ. “మీ సరళమ్మ చానా గడుసుది. కాలేజీకి ఈ బండ ఇమ్మని పట్టుకుంది. ఇస్తే నా బట్టలు నువ్వు ఉతుకుతావా అన్నా. చీర కుచ్చిళ్ళు దోపుకుని కూర్చుంది. నా దుప్పటి ఉతికింది!”

“ఉతికి ఏమన్నదమ్మా?” పెద్దాయన అడిగాడు.

“ఇంత బాగా మురికి వదిలే బండ నేనైనా ఇయ్యను అన్నది. ఆ తర్వాత పిల్లల్నే ఇక్కడికి తోలుకొచ్చేది.”

“అవును, సరళ అలాంటిదే” అన్నాను. పేరు వచ్చేసింది. అక్కడి నుంచి చివరిదాకా ఆగలేదు.

తిరిగొస్తూ ఆటోలో మూర్తిగారు, “ఉతుకుడు గొడవ తీసేద్దామా?” అన్నారు. ఉంచమన్నాను. ఆ వారమే వీడియో పెట్టారు, ‘సభ్యుల కథలు’ కిందే. దండ వేసిన ఫొటో లేదు. తమ గడపరాయికీ ఇలాంటి ముడతలున్నాయని, అదీ సముద్రమేనా సరళగారూ అని ఈపూరు నుంచి ఒకావిడ కింద రాసింది. చనిపోయినవాళ్ళ గురించి జనం జాలిగా మాట్లాడటం ఈ కొద్ది నెలల్లో చాలా విన్నాను. సరళను ఒక ప్రశ్న అడిగింది మాత్రం మొదట ఈవిడే.

వెళ్ళేవాళ్ళకు ఒక మాట: ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడే ముడతలు తేటగా కనిపిస్తాయి. తొమ్మిదిలోపు చేరండి. అది దాటితే కోటమ్మ ఉతుకుడు మొదలుపెడుతుంది, ఎవరికోసమూ ఆగదు.