మూతి కట్టిన పత్తి మొగ్గలు

ఏం పని చేస్తావని చర్చిలో ఎవరడిగినా, పత్తికి ఆయానని అంటుంది దేవకుమారి. అందరూ నవ్వుతారు గానీ ఆ మాటలో అబద్ధమేమీ లేదు. టెక్సస్‌లో ఆమె పనిచేసే విత్తన బ్యాంకులో దేశదేశాల పత్తి గింజలు చల్లటి గదిలో చిన్న సంచుల్లో ఉంటాయి. రేపు ఏ కొత్త తెగులో వచ్చి పొలాలను ఊడ్చేస్తే, దాన్ని తట్టుకునే రకం కోసం ఈ సంచుల్లోనే వెతుక్కోవాలి. గింజలకు ప్రాణం పోయేలోగా నాటి, కొత్త గింజలు తీసి, మళ్లీ దాచడం ఆమె పని.

ఈ ఏడు కోస్తా నల్లరేగడిలో ఒకప్పుడు పండిన ఓ నాటు పత్తి వంతు వచ్చింది. సొంత ఊరి వైపు సరుకు కదా, దేవకుమారికి దానిమీద కాస్త పక్షపాతం. రైతుల దగ్గర ఆ రకం ఎప్పుడో పోయింది. సంచిలోని గింజలన్నీ నాటితే మొలిచినవి నాలుగే. ఇవి కాయ కాయకపోతే ఇక అంతే సంగతులు.

పక్క మళ్లలో వేరే పత్తులున్నాయి. తేనెటీగ అక్కడి పుప్పొడి తెచ్చి పులిమితే రకం కల్తీ అయిపోతుంది. అందుకే రేపు విచ్చబోయే మొగ్గకు ఈ సాయంత్రమే సన్నటి తీగతో మూతి బిగిస్తారు. పువ్వు విచ్చకుండానే, లోపలున్న తన పుప్పొడితోనే కాయ కడుతుంది. దేవకుమారి అలవాటు కొద్దీ తీగే చుట్టింది. ఈ మహాతల్లి మొగ్గలు మరీ సుకుమారం. తీగ కోసుకుని రాలిపడ్డాయి. వదులుగా చుడితే విచ్చుకున్నాయి. ఆమెకు ఏడుపొక్కటే తక్కువ. మడి గట్టున నిలబడి దేవుడితో కాస్త గట్టిగానే మాట్లాడింది.

అప్పుడు పక్కింటి విజయశ్రీ గుర్తుకొచ్చింది. కుండీల్లో పూసిన మల్లెలను, కబుర్లాడుతూ, చేతుల వైపు చూడకుండానే మాల కట్టేసే మనిషి. దేవకుమారి వాళ్లింట్లో ఆడవాళ్లు పూలు పెట్టుకోరు, కట్టడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఆఫీస్‌లో పర్మిషన్ తీసుకుని, విజయశ్రీని మడి దగ్గరికి తీసుకెళ్లింది. ఒక్క మొగ్గ తెగినా పాపం తనదేనని విజయశ్రీ వెనకాడింది.

"నా చేతిలో పోయినన్ని నీ చేతిలో పోవులే విజయా, కట్టు" అంది దేవకుమారి.

విజయశ్రీ దారాన్ని వేలికి మెలేసి మొగ్గ మూతికి తొడిగి లాగింది. మర్నాడు వెళ్లి చూస్తే మొగ్గ రాలలేదు, విచ్చలేదు. ఆ సీజనంతా సాయంత్రాలు ఇద్దరూ మడి దగ్గరే. దేవకుమారి మొదటి ముడులు చూసి, బూట్ల లేసులు కడుతున్నావా అక్కా అని విజయశ్రీ ఏడిపించింది. పోనుపోను ఆమె చేతికీ ఆ ముడి పట్టుబడింది.

కాయలు పగిలాయి. కొత్త గింజలు కొన్ని తడిపి చూస్తే నిక్షేపంగా మొలిచాయి. మిగతావి సంచికెత్తి చల్లగదిలో పెట్టింది దేవకుమారి. గర్వం పాపమంటారు పాస్టర్‌గారు. ఆ రోజు ఆమె ఆ పాపం మనసారా చేసింది.

గింజ తీయకుండా ఉంచిన ఒక కాయను సాయంత్రం విజయశ్రీకి చూపించింది. విజయశ్రీ ఆ దూదిని అరచేతిలోకి తీసుకుని, లోపలి గింజలను వేలితో తడిమింది.

"చిన్నప్పట్నుంచీ పూలు కడుతూనే ఉన్నాను దేవక్కా" అంది. "అన్నీ మర్నాటికి వాడిపోయినవే. కాయ కాసినవి ఇవే."