తలుపు మీది కాగితం

ముప్పై రెండేళ్లకే గుండెపోటు వచ్చి కోలుకుంటున్నాను. పుదుచ్చేరి ఉప్పళంలో ఒంటరిగా అద్దెకుంటున్నాను. నొప్పి మళ్లీ వస్తే ఏం చేయాలో అంకెలు వేసి, తెలుగులో రాసి తలుపుకు అంటించాను. పక్కింటి సరోజక్క తెలుగే మాట్లాడుతుంది, చదువుతుందిలే అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఛాతీ పట్టేసింది. తలుపు తీసి గడపలోనే కూలబడ్డాను. అక్క పరుగెత్తుకొచ్చింది. మాట రాక కాగితం చూపించాను.

"ఏంది తమ్ముడూ ఇది? నాకు అరవమే చదవను వచ్చు! గుండె మాత్ర యాడ పెట్నావు?"

వేలితో అలమర చూపించాను. మాత్ర నాలుక కింద పెట్టి, ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లింది.

ఇంటికొచ్చాక నేను చెబుతుంటే ఆమే తమిళంలో కొత్త కాగితం రాసింది. 'ఎవరికి ఫోన్ చేయాలి' అన్నచోట నేను ఆగిపోయాను.

"ఎవురూ లేరా?" అంటూ తన నంబరు రాసింది.

ఆ కాగితంలో నేను చదవగలిగేది ఆ పది అంకెలే. దిగులేసినప్పుడు వాటినే చదువుకుంటాను.