తెల్లడాబా మీద అడుగులు

చవక ఇళ్ల డాబాకు ఎండను తిప్పికొట్టే తెల్లరంగు వేసిన నాటి నుంచి రంగుల మేస్త్రీ దాన్ని కంటికి రెప్పలా కాస్తున్నాడు. కింద బురదలో ఉన్న పంపు దగ్గర బకెట్టు నింపుకుని, రోజుకు నాలుగుసార్లు ఆయాసపడుతూ మెట్లెక్కుతాడు. డాబా మీద మట్టి అడుగులు చూసి నెత్తి కొట్టుకుంటాడు. "మురికి పడితే వేడి లాగేస్తుందర్రా! ఎన్నిసార్లు చెప్పాలి?" అని వీధి దాకా వినపడేలా అరిచి, చీపురుతో రుద్ది కడిగి దిగుతాడు. మళ్లీ వచ్చేసరికి మళ్లీ అడుగులు!

ఇవాళ పై అంతస్తు బాలింత, "గది మళ్లీ కుంపటైపోతోంది బాబాయ్, పసివాడు ఏడుపు ఆపట్లేదు," అనేసరికి ఆయనకు ఒళ్లు మండింది. మిట్టమధ్యాహ్నం అన్ని ఇళ్లవాళ్లనూ పైకి పిలిచి, ఆ అడుగుల పక్కన ఒక్కొక్కరి చెప్పూ పెట్టించి చూశాడు. ఏదీ సరిపోలేదు. "అయితే గాల్లోంచి ఊడిపడ్డాడా వెధవ?" అన్నాడు. బాలింత మెల్లగా, "మీదీ ఒకసారి పెట్టండి బాబాయ్," అంది. విసుక్కుంటూ పెట్టాడు. మడమ దగ్గర అరిగిన వంపుతో సహా అచ్చు గుద్దినట్టు సరిపోయింది. ఎవరూ నవ్వలేదు, దాంతో ఆయనకు మరీ చిరాకేసింది. చెప్పులు విప్పి చంకలో పెట్టుకున్నాడు. తెల్లరంగు మీద అరికాళ్లు కాలలేదు. ముఖం మాత్రం భగ్గుమంది.