ఆయనెవరో తెలియదన్నాను

ఒక్క మాటను ఇన్నేళ్ళూ మోశాను. నా భర్తకు చెప్పలేదు. పిల్లలకు చెప్పలేదు. అమ్మ చివరి రోజుల్లో మంచం పక్కనే కూర్చుని కూడా చెప్పలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు గనుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

భిలాయిలో ఉక్కు కర్మాగారం ఇంకా కడుతున్న రోజులు. నాన్న వాల్తేరు రైల్వేలో పని వదిలి వచ్చి, ఒక కాంట్రాక్టరు దగ్గర ఇనుప దూలాలు ఎక్కించే పనిలో చేరారు. క్యాంప్ 1 అనే కూలీల బస్తీలో ఉండేవాళ్ళం. ఆయన ఆదివారాలు తాగేవారు. తాగితే పాడేవారు, అంతే, ఎవరినీ ఏమీ అనేవారు కాదు. నేను చదువుకుని, ప్లాంటు ఉద్యోగులుండే సెక్టర్ 4లో బడి టీచరునయ్యాను. తోటి టీచర్లు ఇంజనీర్ల ఇళ్ళ ఆడవాళ్ళు. మీ నాన్నగారేం చేస్తారని అడిగితే "ప్లాంటులో" అనేదాన్ని. వాళ్ళు ఇంకేదో అనుకునేవారు. అనుకోనిచ్చేదాన్ని.

ఒక ఆదివారం సాయంత్రం ఆ టీచర్లలో ఇద్దరితో బజారుకి వెళ్ళాను. జనం మూగి ఉన్నారు. మధ్యలో నాన్న, తాగిన మత్తులో తూలి టమాటాల బండి మీద పడ్డారు. కాయలు చితికిపోయాయి, బండివాడు అరుస్తున్నాడు. ఒక కుర్ర కానిస్టేబుల్ నాన్నను లేపి నిలబెట్టి, చొక్కాకి అంటిన మట్టి దులుపుతున్నాడు.

"ఇతని తాలూకు ఎవరైనా ఉన్నారా?" అని హిందీలో అడిగాడు. "ఉంటే చెప్పండి, ఇంటికి దింపేస్తాను. లేకపోతే ఠాణాకి తీసుకెళ్ళక తప్పదు."

నాన్న నావైపు చూశారు. ఆ చూపు వెంటే అతనూ చూశాడు.

"బహన్‌జీ, ఈయన మీకు తెలుసా?"

"తెలియదు" అన్నాను.

కంగారులో నోరు జారిందా? చాలా ఏళ్ళు అలాగే సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. అతను అడగడానికీ నేను బదులివ్వడానికీ మధ్య, పక్కనున్న ఇద్దరి మొహాలూ చూసి, రేపు స్టాఫ్ రూములో వాళ్ళేమనుకుంటారో ఆలోచించి, అప్పుడే అన్నాను.

నాన్న తల దించుకున్నారు. మత్తులో ఉన్నా, మాట తడబడలేదు.

"ఛోడో భయ్యా. ఆ పిల్లెవులో నాకూ తెల్దు. ఆడపిల్లని నిలబెట్టి అడుగుతావేటి? చలో."

మర్నాడు దుర్గ్ కోర్టులో నిలబెట్టారు. కేసయినవాడు నాకొద్దన్నాడు కాంట్రాక్టరు. ఆ తర్వాత నాన్న దుర్గ్ గూడ్స్ యార్డులో బస్తాలు మోశారు. ఆయన పాడగా మళ్ళీ వినలేదు.

క్యాంపులో మనవాళ్ళంతా ఆ కానిస్టేబుల్‌ని తిట్టిపోశారు. తాగి పడినవాణ్ణి ఇంటికి చేర్చక, ఇంత చిన్నదానికి కేసేమిటన్నారు. "మనోలెవులూ లేరేటే అక్కడ?" అని అమ్మ ఏడ్చింది. నేనేం చేశాను? పోలీసులకి మనసుండదు అన్నాను. నేనే అన్నాను ఆ మాట కూడా.

కొన్ని నెలల తర్వాత నాన్నతో కలిసి రేషన్ షాపు లైనులో ఉండగా ఆ కానిస్టేబుల్ అటుగా వచ్చాడు. నాన్నను గుర్తుపట్టాడు. నేను "నాన్నా" అని పిలవడం విన్నాడు. ఆగి నావైపు చూశాడు. నాన్నకు నమస్కారం పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. నేను తెలియదన్న సంగతి ఆ తర్వాత కూడా ఎవరితోనూ అనలేదు. అని ఉంటే క్యాంపువాళ్ళ తిట్లు ఆగిపోయేవి.

"మంచోడే" అన్నారు నాన్న, నావైపు తిరగకుండా. "ఇంటికాడ దింపేస్తానన్నాడు."

అప్పుడైనా నోరు విప్పాల్సింది. "లైను కదిలింది, పదండి" అన్నాను.

క్షమించమని ఎవరిని అడగను? నాన్న లేరు. అతని పేరైనా నేను తెలుసుకోలేదు. మీరు క్షమించినా నాకది చెల్లదు. ఊపిరి మాత్రం కాస్త ఆడుతోంది, ఈ ఒక్క వాక్యం రాయగలిగినందుకు: బజారులోంచి ఆ కానిస్టేబుల్ ఠాణాకి నడిపించుకుపోయిన మనిషి మా నాన్న.