తాండ్రకి కాపలా, తుపాకీకి రిపేరు

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల మీద గట్టి నమ్మకం ఉండేది. పాడైన ఏ యంత్రమైనా తెలివైనవాడి చెయ్యి పడితే చాలు బాగుపడుతుందని ఒకటి, ఆ తెలివైనవాడు నేనేనని రెండోది. మెకానికల్ ఇంజినీరింగు రెండో సంవత్సరం పూర్తిచేసిన కుర్రాడికి ఆ మాత్రం వినయం ఉండటం సహజమే. (పూర్తిచేశానంటే, మెషీన్ డ్రాయింగు ఒక్కటీ మిగిలిందనుకోండి.) ఆ వేసవి సెలవుల్లో ఏటిగట్టు పక్క ఊళ్లో ఉన్న మా పిన్ని ఇంటికి వెళ్లాను. మామిడిపళ్లు తినడానికి వెళ్లి, కాపలాకి కుదిరాను.

పిన్ని మామిడి తాండ్ర చేసి అమ్మేది. కలెక్టరు మామిడిపళ్ల రసం తీసి, పంచదార కలిపి, డాబా మీద పరిచిన చాపల మీద ఒక పొర పోసి ఎండనివ్వాలి. మర్నాడు దాని మీద ఇంకో పొర. అలా వేలి మందం వచ్చేదాకా పోస్తూనే ఉండాలి. ఈగలకి అడ్డంగా పల్చటి గుడ్డ కప్పేది గానీ, కోతులకి ఏ గుడ్డా అడ్డం కాదు. కిందటేడు కోతిమూక ఒక్క మధ్యాహ్నంలో చాపలన్నీ పీకి పాకం పెట్టింది. అది చూసిన తుని స్వీటు కొట్టాయన, "ఈ ఏడు కూడా సరుకు అందకపోతే ఇంకోళ్ల దగ్గర తీసుకుంటానమ్మా, ఏమీ అనుకోకండి" అనేసి వెళ్లాడట. పిన్ని ఏమీ అనుకోలేదు. ఆదివారం చర్చిలో అందరూ ఆమెన్ అన్న తర్వాత కూడా కాసేపు కళ్లు మూసుకునే ఉండటం మాత్రం మొదలుపెట్టింది.

"ఒరేయ్ నాన్నా, చదువుకున్నవాడివి. ఈ కోతుల సంగతేదో నువ్వు చూడరా" అంది నాతో. నా చదువు మీద మా వంశంలో ఎవరైనా అంత నమ్మకం పెట్టడం అదే మొదలు. నేను పొంగిపోయి అటకెక్కాను. అక్కడ దీపావళి సామాను డబ్బాలో, ఎప్పుడో పిల్లలు వదిలేసిన ఇనప బొమ్మ తుపాకీ దొరికింది. అందులో ఎర్ర కాయితం రీలు పెట్టి ట్రిగ్గరు నొక్కితే ఒక మందు బిళ్ల టప్పుమని పేలాలి, రెండో బిళ్ల తనంతట తానే పైకొచ్చి సుత్తి కింద కూచోవాలి. అంటే సెమీ ఆటోమేటిక్ అన్నమాట. మా తుపాకీలో మొదటి పని అరుదుగా జరిగేది. రెండో పని జరగగా చూసినవాళ్లు లేరు.

తొలిరోజే కోతులు దిగాయి. ముందు నడిచే బట్టతల గండుకోతికి చూడగానే 'ప్రిన్సిపాలు' అని పేరు పెట్టాను, నడక అలాంటిది. గురిపెట్టి నొక్కాను. టిక్. మళ్లీ నొక్కాను. టిక్. డబ్బాలోనే దొరికిన పాత రీళ్లు చెమ్మగిల్లి, నొక్కినప్పుడల్లా చిరిగి ముద్దవుతున్నాయి. ప్రిన్సిపాలు చాప అంచు మీద చెయ్యి వేశాడు. నాకు ఒళ్లు మండిపోయి, తుపాకీని డాబాకేసి బాదుతూ, ఇక్కడ రాయడానికి వీల్లేని మాటలు అరుస్తూ ఎగిరెగిరి దూకాను. కోతులు పోయాయి. కానీ నా దృష్టిలో ఆ రోజు ఘోర పరాజయం. తుపాకీ పేలలేదు కదా!

పక్కింటి మిలటరీ మావయ్య పిట్టగోడ మీంచి ఇదంతా చూశారు. (ఆయన పట్టాళంలో హవల్దారుగా చేసి వచ్చారు. మాకు ఏ వరసలో మావయ్యో ఎవరికీ తెలీదు.) ఆయన బొమ్మ తుపాకీని రెండు చేతులతో అందుకుని, మందు లేదని ముందుగా చూసుకుని, గొట్టం ఆకాశం వైపు తిప్పి పరీక్షించారు.

"ఏం అల్లుడూ, తుపాకీ ఇలా మొరాయిస్తే మా లైన్లో స్టాపేజీ అంటారు. తప్పు మూడు చోట్లే ఉంటది. మందు తప్పా, మందు కూర్చే మేగజీను తప్పా, మనిషి తప్పా? ఒక్కోటీ మార్చి చూడు. అన్నీ ఒకేసారి కెలికావనుకో, బాగుపడ్డా ఎందుకు బాగుపడిందో తెలీదు."

"మనిషి తప్పుండదు లెండి మావయ్యా" అన్నాను.

ఆయన తుపాకీ నా చేతికి తిరిగిచ్చి, "సరే, మందుతో మొదలెట్టు" అన్నారు.

మే నెలలో కొత్త రీళ్లు ఎక్కడ దొరుకుతాయి? నేనే చేద్దామనుకున్నాను. పాత రీళ్లలో బతికున్న బిళ్లల్ని జాగ్రత్తగా కత్తిరించి, బస్సు టికెట్ల కాయితాన్ని సన్నగా చీల్చి, దాని మీద వరసగా మైదా జిగురుతో అతికించాను. తాండ్ర పక్కనే నీడలో ఆరబెట్టాను. ఆరాక రీలు అప్పడంలా బిగుసుకుపోయింది. చుట్టబోతే విరుగుతుంది, విరక్కపోతే మధ్యలో ఇరుక్కుంటుంది. మళ్లీ టిక్, మళ్లీ నా గంతులు, మళ్లీ కోతుల పలాయనం.

అప్పుడు తట్టింది నాకా మహత్తరమైన ఆలోచన. ఎండినా విరక్కుండా వంగేది ఏది? నా కళ్ల ముందే చాపల నిండా ఉంది! పిన్ని చూడకుండా వేలితో ఇంత మామిడి రసం తీసి బిళ్లలు అతికించాను. సాయంత్రం చల్లపూట పరీక్షిస్తే టప్, టప్, టప్! ఇంజినీరింగు చరిత్రలో నా పేరు ఎక్కడ వస్తుందో కూడా ఊహించుకున్నాను. మర్నాడు మిట్టమధ్యాహ్నం ఎండకి రసం కరిగి, రీలంతా ఒకే ముద్దయి, దాన్ని వెతుక్కుంటూ గండుచీమలు తుపాకీలో కాపురం పెట్టాయి. సరిగ్గా ప్రిన్సిపాలు గోడెక్కిన క్షణాన నేను ట్రిగ్గరు నొక్కాను. తుపాకీ పేలలేదు, చీమలు పేలాయి. చెయ్యి విదిలిస్తూ, కుడికాలు ఎడమకాలు తేడా లేకుండా డాబా అంతా తిరుగుతూ నేను వేసిన వీరంగానికి కోతులు వీధి చివర సెల్ టవరు దాకా ఆగలేదు.

"ఇది తుపాకీయా, మిఠాయి కొట్టా?" అన్నారు మావయ్య, గొట్టం వాసన చూసి.

ఇక పట్టుదల పెరిగింది. తుపాకీ విప్పి కిరసనాయిలుతో కడిగాను. రీలు నెట్టే చిన్న రేకు వంకర సరిచేశాను. మైదా జిగురు పల్చన చేసి, బిళ్ల అంచులకి మాత్రమే రాసి, అంటుకోకుండా పిన్ని ముఖానికి రాసుకునే పౌడరు చల్లాను. ఒక్కోటీ మార్చి చూశాను సుమండీ, మావయ్య చెప్పినట్టే. పేలింది! ఆగకుండా, చిరగకుండా, ఇరక్కుండా, మల్లెపూల వాసన వేస్తూ పేలింది!

సరిగ్గా మర్నాడే తుని ఆయన వస్తానన్నాడు. చాపల మీద తాండ్ర బంగారు రంగులో తయారుగా ఉంది. మధ్యాహ్నం కోతులు రానే వచ్చాయి. నేను మావయ్య నేర్పినట్టు కాళ్లు ఎడంగా పెట్టి, చెయ్యి చాచి, రొమ్ము విరుచుకుని నిలబడ్డాను. టప్! కోతులు ఉలిక్కిపడి గోడ మీదే ఆగాయి. టప్, టప్! ప్రిన్సిపాలు తల పక్కకి వంచి విన్నాడు. టప్, టప్, టప్! ఒక్క బిళ్లా తప్పలేదు! ఆ ఆనందంలో ప్రిన్సిపాలు నింపాదిగా దిగొచ్చి గుడ్డ తొలగించడం నాకు కనపడింది గానీ, బుర్రకెక్కలేదు. అతను ఒక మూల పీకి నోట్లో పెట్టుకున్నాడు. మిగతా కోతులు క్యూ కట్టాయి. టప్ అని చివరి బిళ్ల కూడా పేలింది. రీలు అయిపోయింది.

"ఒరేయ్, తుపాకీ పారేసి గెంతరా!" అని మెట్ల మీంచి పిన్ని కేక. "నీ మామూలు గెంతులు గెంతరా నాన్నా!"

పారేశాను. గెంతాను. రాయడానికి వీల్లేని మాటలన్నీ పిన్ని ముందే అరిచాను. ప్రిన్సిపాలు మొహంలో పాత భయం తిరిగొచ్చింది, క్షణంలో డాబా ఖాళీ. పోయింది ఒక చాప మూల ఒక్కటే. తుని ఆయన సాయంత్రం వచ్చి సరుకంతా చూసి, మారుమాట లేకుండా వ్యానెక్కించుకుని, మళ్లీ ఏడాదికి కూడా సరుకు కావాలని చెప్పి వెళ్లాడు.

"కోతులు నన్ను చూసి పారిపోతున్నాయని నీకు ముందే తెలుసా పిన్నీ?" అనడిగాను, కోతి కొరికిన ముక్క పక్కన తాండ్ర తింటూ.

"మొదటిరోజే తెలుసురా. చెబుదామనే అనుకున్నాను. పాపం, శ్రద్ధగా రిపేరు చేసుకుంటున్నావు కదా అని ఊరుకున్నాను" అంది పిన్ని.

మొన్న వేసవిలో మళ్లీ ఆ డాబా ఎక్కాను. ఇప్పుడు చాపల చుట్టూ నైలాను వల కట్టారు, కాపలా ఉద్యోగం రద్దయింది. పిట్టగోడ మీద ఒక బట్టతల కోతి కూచుని ఉంది, పాత ప్రిన్సిపాలు గారి మనవడేమో. చుట్టూ చూశాను, ఎవరూ లేరు. ఊరికే, పాత పరిచయం కొద్దీ, ఒక్క గెంతు గెంతాను. సగంలోనే నడుం పట్టేసి, వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను. కోతి కదల్లేదు. తల పక్కకి వంచి, జాలిగానే చూసింది. స్టాపేజీ, మావయ్యా! మందు తప్పు కాదు, మేగజీను తప్పూ కాదు.