నిచ్చెనను పడుకోబెట్టిన టీచరు

ఉడికించిన మైదా జిగురు వాసన నాకు పడదు. మొన్న భీమవరంలో ఒక ప్రైవేటు స్కూలు వాళ్ళు వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా పిలిస్తే వెళ్ళాను. వరండా ఎక్కగానే ఆ వాసన తగిలింది. తరగతి గదిలో ఇద్దరు టీచర్లు గోడకు పొడవాటి పటం అతికిస్తున్నారు. నీలం రంగు కాలువ, రెండు పక్కలా గట్లు, మధ్యమధ్యలో లాకులు, నీళ్ళ మీద పిల్లల పేర్లతో కాగితం పడవలు. జిగురు ఇంకా వేడిగా ఉన్నట్టుంది, ఒకావిడ వేళ్ళు ఊదుకుంటోంది. కరస్పాండెంటు గారు మురిసిపోతూ, "ఇది ఈ సార్ నెదర్లాండ్స్ వాళ్ళతో కలిసి తెచ్చిన మెథడండి. సార్ పేరు చెబితే అందరికీ ఇదే గుర్తొస్తుందండి," అని నన్ను వాళ్ళకు పరిచయం చేశారు. నేను "ఆయ్" అన్నాను. ఇచ్చిన కాఫీ సగంలో వదిలేశాను. వేదిక మీద కుదురుగా కూర్చోలేకపోయాను. ఏం మాట్లాడానో గుర్తు లేదు. ఇంటికి వచ్చే దారిలో కారు ఆపించి గట్టు వెంట కాసేపు నడిచాను. అయినా లోపల కుదుటపడలేదు.

ఆ కాలువ పటం నెదర్లాండ్స్ వాళ్ళది కాదు. నాది అసలే కాదు. అది దయామణి టీచరుది. ఆవిడ పేరు ఏ పుస్తకంలోనూ లేదు. లేకపోవడానికి కారణం నేను. ఇది చదివేవాళ్ళలో ఆవిడను చూసినవాళ్ళు ఉండరు కనుక మొదటి నుంచీ చెబుతాను.

మా ఊరు భీమవరానికి ఆవల, లాకుల పక్కన, అంటే తలుపులు మూసి నీళ్ళు నింపి పడవలను పై మట్టానికి ఎత్తే చోట. దయామణి టీచరు మా ఎలిమెంటరీ స్కూలుకు వచ్చేటప్పటికి నేను రెండో తరగతి. ఆవిడది కాలువ అవతలి పేట, అంటే మా ఊళ్ళో దళితులు ఉండే వైపు. మిషను హాస్టల్లో ఉండి చదువుకుని, ట్రైనింగు పూర్తి చేసి, సొంత ఊరికే టీచరుగా వచ్చారు. అప్పటిదాకా మా తరగతిలో ఎవరూ చెప్పకుండానే భూములున్న ఇళ్ళ పిల్లలం నల్లబల్ల ముందు, పేట పిల్లలు గుమ్మం దగ్గర కూర్చునేవాళ్ళం. ఆవిడ వచ్చీ రాగానే మా పలకలన్నీ పోగు వేయించి, కలిపేసి, తనే గదంతా పరిచి, ఎవరి పలక ఎక్కడుంటే వాళ్ళక్కడ కూర్చోండి అన్నారు. నా పక్కకు పేట నుంచి వచ్చే ఏసుబాబు వచ్చాడు. ఆ సంగతి తెలిశాక మా నాయనమ్మ సాయంత్రం బడి నుంచి రాగానే నన్ను పెరటి గుమ్మం దగ్గరే ఆపి, నెత్తిన చెంబెడు నీళ్ళు పోస్తే గాని ఇంట్లోకి రానిచ్చేది కాదు. నేను వెళ్ళి టీచరుకు చెప్పేశాను.

"మా నాయనమ్మ రోజూ నెత్తి మీద నీళ్ళు పోస్తోందండి."

"ఎందుకటా?"

"ఏసుబాబు పక్కన కూర్చుంటున్నానని అండి."

ఆవిడ నవ్వారు. "మంచిదేగా సత్తిబాబూ, ఎండలు మండిపోతున్నాయి. ఏసుబాబుకి కూడా ఓ చెంబు పొయ్యమను, పాపం."

ఆ మాట ఇంటికి వెళ్ళి పొల్లు పోకుండా చెప్పి, వీపు మీద రెండు తిన్నాను. ఒకరి మాటను మార్చకుండా ఇంకొకరికి చేరవేయడం నా జీవితంలో అదే మొదలు. చాలాకాలం వరకూ అదే ఆఖరు కూడా.

ఇంగ్లీషు నాకు ఆవిడే నేర్పారు. బడి విడిచాక కొంతమందిని లాకుల గట్టు మీద కూర్చోబెట్టి, వచ్చే పోయే పడవలను చూపిస్తూ చెప్పేవారు. పడవ ఆగింది, నీళ్ళు పెరుగుతున్నాయి, తలుపులు తెరిచారు. నాకు వచ్చిన మొదటి ఇంగ్లీషు వాక్యాలివి. తప్పు చెబితే ఆవిడ దిద్దేవారు కాదు. ముఖంలోకి చూస్తూ ఆగేవారు. ఆ చూపు భరించలేక కాసేపటికి మేమే దిద్దుకునేవాళ్ళం. ఆ గట్టు మీద పడిన పునాదితోనే తర్వాత ఇంగ్లీషు ఎమ్మే చేసి, ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో లెక్చరర్నయ్యాను.

తొంభైలలో నెదర్లాండ్స్ నుంచి ఒక బృందం మన వాళ్ళతో కలిసి చిన్న తరగతుల బోధనను మార్చే ప్రాజెక్టు మొదలుపెట్టింది. బట్టీ పట్టడం పోవాలి, పిల్లలు కార్డులతో, బొమ్మలతో, ఎవరి వేగంలో వాళ్ళు నేర్చుకోవాలి అన్నది వాళ్ళ ఆలోచన. మంచి ఆలోచన. ఇప్పటికీ అదే అంటాను. బృందానికి పెద్ద మార్లీన్ అనే ఆవిడ. ఎండలో టోపీ లేకుండా తిరిగి ముఖం కందగడ్డలా చేసుకునేది. తమ దేశమూ సముద్రం పక్కనే, తమకూ అడుగడుగునా కాలువలే అని అందరికీ చెప్పుకుని సంబరపడేది. పిల్లలు మార్లీనమ్మ గారు అనేవారు. ఆవిడ మాటలు టీచర్లకు తెలుగులో, టీచర్ల మాటలు ఆవిడకు ఇంగ్లీషులో చెప్పే పని నాకు అప్పగించారు.

ప్రాజెక్టుకు గుండెకాయ ఒక నిచ్చెన పటం. దాన్ని తరగతి గోడకు నిలువుగా వేలాడదీయాలి. ఒక్కో మెట్టు ఒక్కో పాఠం. ప్రతి పిల్లవాడి పేరూ చీటీ మీద రాసి వాడు చేరిన మెట్టు దగ్గర గుచ్చాలి. రాజమండ్రిలో జరిగిన శిక్షణలో మార్లీన్ ప్రతి పూటా చివర ఒకటే ప్రశ్న అడిగేది. ఇది మీ బడికి పనికొస్తుందా? రాదనుకుంటే దయచేసి చెప్పండి. హాలంతా ఒకే గొంతుతో "ఆయ్" అనేది. మా వైపు ఆయ్ అంటే ఒప్పుకున్నామని కాదు, మీరు చెప్పింది విన్నామండి అని. ఒక మాస్టారు బయట టీ తాగుతూ, "నిచ్చెన సరేనండి, మా బడి చెట్టు కింద కదా, గోడేదండి?" అన్నారు. అడిగినప్పుడు చెప్పొచ్చు కదా అంటే, "అంత దూరం నుంచి వచ్చిన మనిషిని కాదంటే ఏం బావుంటదండి?" అన్నారు. ఇంట్లో బియ్యం అయిపోతే నిండుకున్నాయి అనే జాతి మాది. ఖాళీని కూడా నిండు అని చెప్పుకునేవాళ్ళం అతిథికి లేదు అని ఎలా చెబుతాం? చాలా ఏళ్ళు నా తప్పును ఈ మర్యాద వెనకాల దాచుకున్నాను. అది అబద్ధం.

నమూనా బడిగా మా ఊరి బడిని ఎంచుకున్నారు. అప్పటికి దయామణి టీచరు అక్కడ హెడ్మిస్ట్రెస్. మార్లీన్, జిల్లా అధికారి, నేను జీపులో వెళ్ళాం. అధికారి బయట వరండాలో రిజిస్టర్లు చూస్తూ ఉండిపోయారు. బడి కమిటీ ప్రెసిడెంటు మా నాన్నగారు. ఆయన ముందు కుర్చీలో కూర్చున్నారు. మార్లీన్ పటాన్ని గోడకు పట్టుకుని తన ప్రశ్న అడిగింది. నేను తెలుగులో చెప్పాను. నలుగురిలో ఉన్నప్పుడు దయామణి టీచరు నన్ను గారు అని పిలిచేవారు. పటాన్ని పైనుంచి కింది దాకా చూసి, నా వైపు తిరిగి అన్నారు.

"మన ఊళ్ళో నిచ్చెన కొత్తగా గోడెక్కించక్కర్లేదు సత్తిబాబు గారూ. ఎవరు ఏ మెట్టు మీద ఉండాలో పిల్లలకి పుట్టగానే తెలుస్తుంది. ఊడ్పులకీ కోతలకీ పేట పిల్లలు బడి మానేస్తారు, వాళ్ళ చీటీలు అడుగునే ఉండిపోతాయి. దానికెదురుగా రోజూ కూర్చోమంటే వాళ్ళకి చదువెలా వస్తుందండి? కార్డులు బావున్నాయి. నిచ్చెన మాత్రం వద్దన్నానని చెప్పండి."

నేను ఇంగ్లీషులో మొదలుపెట్టి ఆగిపోయాను. కోతలకు ఆ పిల్లలు వచ్చేది మా చేలోకే. నాన్నగారు ఎదురుగా ఉన్నారు. ఒక విదేశీయురాలికి మా ఊరి సంగతి, మా ఇంటి సంగతి నా నోటితో చెప్పాలి. ఈ ఊళ్ళో నిచ్చెన బాగా పనికొస్తుందట, ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో పిల్లలకు తెలుస్తుందట, కార్డులు కూడా బావున్నాయట అని చెప్పాను. ఆవిడ వాడిన మాటలే దాదాపు అన్నీ వాడాను. అర్థాన్ని మాత్రం తిరగేశాను. మార్లీన్ సంతోషంగా రాసుకుంది. దయామణి టీచరు నా ముఖంలోకి చూస్తూ ఆగారు. నేను తల తిప్పుకున్నాను. నాన్నగారు కొబ్బరిబొండాలు కొట్టమన్నారు.

కొన్ని వారాల తర్వాత ఒక్కణ్ణే వెళ్ళాను. గోడకు నిచ్చెన ఉంది, కానీ నిలువుగా లేదు. ఆవిడ దాన్ని అడ్డంగా తిప్పి, పిల్లల కళ్ళ ఎత్తున అతికించారు. నిచ్చెన పక్క కర్రలు రెండూ కాలువ గట్లయ్యాయి. మెట్లు లాకులయ్యాయి. మధ్యలో నీలిమందు కలిపి నీళ్ళు పూశారు. చీటీలు పడవలుగా మడిచారు.

"లాకుల్లో పడవ ఒక్కటే పైకి లేవదు కదా సత్తిబాబూ," అన్నారు. ఎవరూ లేనప్పుడు నేను మళ్ళీ ఆవిడ విద్యార్థినే. "ముందొచ్చిన పడవలు ఆగుతాయి. వెనకాల వాళ్ళకి పాఠం చెప్పి రప్పించుకుంటాయి. అందరూ వచ్చాక నీళ్ళు నింపుతాం, తలుపు తీస్తాం. కార్డులన్నీ వాళ్ళవే. వాళ్ళు చెప్పిందాంట్లో ఒక్కటే మార్చా."

అలాంటి పటాన్ని నేను ఎక్కడా చూడలేదు. ఆ మాట అనడానికి బదులు, "వాళ్ళొచ్చినప్పుడు మాత్రం నిలబెట్టెయ్యండి టీచర్," అన్నాను.

"ఎందుకు? వద్దన్నానని ఆ రోజే చెప్పావుగా వాళ్ళకి."

"ఆయ్, చెప్పానండి."

ఆవిడ మళ్ళీ నా ముఖంలోకి చూశారు. నాకు వాచీ గుర్తొచ్చింది, బస్సు గుర్తొచ్చింది. వచ్చేశాను.

మార్లీన్, జిల్లా అధికారి ఆవిడకు ముందుగా చెప్పకుండానే, నన్నూ వెంటబెట్టుకుని వచ్చారు. మార్లీన్ ఆ పటం ముందు చాలాసేపు నిలబడి, ఫొటోలు తీసి, నా వైపు తిరిగి, "ఈవిడ నిచ్చెనకు ఒప్పుకున్నారు కదా?" అంది. కోపంగా కాదు, అర్థం కాక. కోపం జిల్లా అధికారికి వచ్చింది.

"ఏంటమ్మా ఇది? దొరసాని గారి ముందు సరేనని, వెనకాల మీ ఇష్టం వచ్చినట్టు చేస్తారా?"

"నేను సరే అనలేదండి."

"ఏమండీ సత్యనారాయణ గారూ, ఏమందీవిడ ఆ రోజు?"

పిల్లలు కూడా నన్నే చూస్తున్నారు. "అప్పుడు సరేనన్నారండి," అన్నాను.

ఆవిడ వాదించలేదు. నమూనా బడి హోదా వేరే ఊరికి పోయింది. ఆవిడను మొగల్తూరు అవతల, సముద్రం పక్క బడికి బదిలీ చేశారు. ప్రాజెక్టుకు అడ్డం తిరిగిన టీచరని, మాట మార్చే మనిషని ఆవిడకు పేరు వచ్చింది. మా ఊళ్ళో ఇప్పటికీ కొందరు అదే చెబుతారు. ఆవిడ మాట మార్చలేదు. మార్చింది నేను.

మార్లీన్ తీసిన ఫొటో మీద బృందంలో చర్చ జరిగింది. తర్వాత వచ్చిన చేతిపుస్తకంలో నిచ్చెన పోయి కాలువ వచ్చింది. దాన్ని మన పరిస్థితులకు తగ్గట్టు రూపొందించినవారిగా నా పేరు వేశారు. నేను కాదనలేదు. దాన్ని చూపించడానికి నెదర్లాండ్స్ కూడా పంపారు. అక్కడ లాకుల గురించి చెబుతుంటే ముసలి టీచర్లు ముందుకు వంగి విన్నారు, చప్పట్లు కొట్టారు. రెండు దేశాలు కలిసి కొత్తది కనిపెట్టడం అంటే ఇదేనని ఎవరో పొగిడారు. ఆ మాట నిజమే. వాళ్ళు నిచ్చెన గీశారు, ఆవిడ తిప్పారు. ఆ ఇద్దరి మధ్యా నేను అడ్డం లేకపోతే ఆ సంగతి ఇద్దరికీ తెలిసేది.

రెండు వేల సంవత్సరం దాటాక, ఆవిడ రిటైరయ్యారని తెలిసి, ఆ సముద్రం పక్క ఊరికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తున్నారు.

"ఎవరూ? నెదర్లాండ్స్ సత్తిబాబు గారా! రండి రండి, మా అరుగు ధన్యమైపోయింది."

కూర్చోకుండానే అంతా చెప్పేశాను. ఆవిడ చేతులు ఆగలేదు.

"ఇదంతా నాకు తెలీదనుకున్నావా?"

"ఆ రోజే తెలుసాండి?"

"నువ్వు మాట్లాడింది నేను నేర్పిన ఇంగ్లీషే కదయ్యా."

"మరి అక్కడే తప్పని అనొచ్చు కదండి."

"అనొచ్చు. నువ్వే అంటావని చూశా."

క్షమించమని అడగడానికి వచ్చానన్నాను. ఆవిడ చింతపండు పళ్ళెం పక్కన పెట్టారు. "నాదేముంది? ఇక్కడా పిల్లలున్నారు, ఇక్కడా కాలువ గీశా. ఆవిడ సంగతి చూడు. పాపం, ఖండాలు దాటి వచ్చి ఒక ప్రశ్న అడిగింది. జవాబు ఇంకా చేరలేదు. అది చేర్చు ముందు."

ఆయ్ అన్నాను. చేర్చలేదు. ఈ ఏడు కాదు, వచ్చే ఏడు అనుకుంటూ ఉండగానే దయామణి టీచరు పోయారు. ఆ కబురు కూడా నాకు ఆలస్యంగా తెలిసింది.

భీమవరం నుంచి వచ్చిన మర్నాడు మార్లీన్ చిరునామా సంపాదించి మెయిలు రాశాను. ఆవిడా ఇప్పుడు పెద్దదైపోయింది. తిట్టలేదు. ఆ ప్రశ్న అన్ని ఊళ్ళలో అడిగితే 'కాదు' అన్న మాట తనకు ఒక్కసారి కూడా వినపడలేదని, అది వినపడనందుకు తప్పు తన పద్ధతిదేనని ఇన్నాళ్ళూ అనుకున్నానని రాసింది. దయామణి గారు ఆ రోజు అన్నది సారాంశం కాకుండా ఒక్కొక్క మాటగా రాసి పంపమని అడిగింది.

అప్పటి నుంచీ రాస్తున్నాను. ఊడ్పులకు, కోతలకు, పేటకు ఎలాగో ఇంగ్లీషు వెతుక్కున్నాను. ఆవిడ అన్న మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. పరాయి దేశం మనిషికి జవాబు చెప్పేటప్పుడు ఎవరైనా మా ఊళ్ళో అంటారు. ఆవిడ మన ఊళ్ళో అన్నారు. ప్రశ్న అడిగింది మార్లీన్ అయినా, జవాబు నాకు చెప్పారు. భూములున్న ఇంటి కొడుకును, ఎదురు కుర్చీలో ఉన్న ప్రెసిడెంటు గారి అబ్బాయిని, ఆ ఊళ్ళో కలుపుకుని చెప్పారు. ఇంగ్లీషులో మాకూ మనకూ ఒకటే మాట. అందుకే ఆ రోజు ఆ తేడా నా నోట్లోంచి ఇట్టే జారిపోయింది. ఇప్పుడు ఆ ఒక్క మాటకు వివరణ రాస్తుంటే పేజీ దాటిపోతోంది, చాలడం లేదు. లేచి వరండాలో తిరుగుతాను, వచ్చి కొట్టేసి మళ్ళీ మొదలుపెడతాను. మిగతా వాక్యాలన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఆ మాటలో నేనూ ఉన్నానని మార్లీన్‌కు ఎలా చెప్పాలో ఇంకా తేలలేదు.