పట్టుచీర పరుగు

నిన్న సెరంగూన్‌లో మా అమ్మాయి పరుగు పందెం సాధన చేస్తుంటే నేను స్టాప్‌వాచ్ నొక్కాను. ‘టిక్’ అంది. ఆ చప్పుడుకి సింగపూర్ మొత్తం ఉలిక్కిపడిందో లేదో గానీ, నా కళ్లముందుకి మాత్రం ఒక పట్టుచీర పరుగెత్తుకుంటూ వచ్చింది.

ఆ చీరలో మనిషి సుభద్ర మేడమ్. తెనాలి ఆవిడ, ఇక్కడి వన్-నార్త్ ఆఫీసుల పేటలో నా మొదటి బాసు. అమెరికా ఫుట్‌బాల్ జట్లు ఏటా కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే ముందు నలభై గజాలు పరుగెత్తించి చూస్తాయి. ఆ సమయాలను పోల్చి చెప్పడం మా పని. ఆ ఆటలో బంతి గుండ్రంగా ఉండదని మా ఇద్దరికీ ఉద్యోగంలో చేరాకే తెలిసింది. ఒకసారి ఓ క్లయింటు, అందరినీ ఒకే వరుసలో పేర్చి చివరివాణ్ని తీసేయమన్నాడు. ఆ చివరి కుర్రాడి సమయం లేజర్ యంత్రం తీసింది. మిగతావాళ్లవన్నీ చేత్తో నొక్కిన స్టాప్‌వాచీవి. “రెండూ కలపడానికి వీల్లేదు” అన్నారు మేడమ్. “రెప్పపాటు తేడాకి ఇంత రాద్ధాంతమా? మీరు కాకపోతే ఇంకొకరు!” అని అతను ఫోన్లో గర్జిస్తే మా ఏసీ భయపడి దానంతటదే ఆగిపోయింది.

మేడమ్ ఫోన్ పెట్టేసి నావైపు తిరిగారు. “ఏమయ్యా, స్టాప్‌వాచ్ నొక్కడం వచ్చా?”

“వచ్చండీ.”

“అయితే పద. నేను పరిగెడతా.”

“మేడమ్, శుక్రవారం... పట్టుచీరండీ!”

“అదీ నాతోపాటే వస్తుందిలే.”

బుకిట్ బటోక్ మైదానంలో లేజర్ బిగించాం. యాభై దాటిన మనిషి, కుచ్చిళ్లు పైకి దోపుకుని పరుగు తీశారు. ఆ గాలికి చుట్టుపక్కల ఫ్లాట్లలో ఆరేసిన బట్టలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. చూస్తే, లేజర్ కన్నా నా చేతిలో సమయం తక్కువ.

“శభాష్ మేడమ్! నా లెక్కలో మీరింకా ఫాస్టండీ!”

ఆయాసంతోనే నవ్వారు. “నేను ఫాస్టు కాదయ్యా, నీ బొటనవేలు స్లో. నేను కదిలాక నువ్వు చూసి, తేరుకుని, అప్పుడు నొక్కావు. ఆ ఆలస్యమంతా నాకు బహుమానం. లేజర్ కొలిచిన ఆ పిల్లాడికి అలాంటి బహుమానం ఇచ్చినవాడు లేడు. అంతే తేడా.”

ఆ పరుగుని మేం వీడియో తీసి పంపితే, చూసిన క్లయింటు మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి గర్జన లేదు. ముందు మేడమ్‌ని తమ జట్టుకి పంపుతారా అని అడిగాడు, తర్వాత అందరినీ లేజర్‌తో మళ్లీ పరుగెత్తిస్తామన్నాడు. ఆ పరుగులో మా చివరి కుర్రాడు ముందు వరుసలోకొచ్చాడు. ఆ వారమంతా నేను ఛాతీ ఉబ్బించుకుని తిరిగితే లిఫ్టులో ఇంకొకరికి చోటు మిగల్లేదు.

“నాన్నా, ఫాస్ట్ ఆ?” అంటూ మా అమ్మాయి వగరుస్తూ వచ్చింది. ఈ లోకంలో దేన్నైనా పెంచి చెప్పగలను గానీ, సమయం చెప్పేటప్పుడు మాత్రం నోరు మేడమ్‌ది అయిపోతుంది.

“చేతి లెక్కమ్మా. ఇందులో కొంత నా బొటనవేలు ఇచ్చిన బహుమానం.”

అది మూతి ముడిచి, తన సింగపూర్ ఇంగ్లీషులో అంది. “దెన్ గో బ్రింగ్ లేజర్ లా, నాన్నా!”

మేడమ్ వినుంటే దాన్ని అక్కడికక్కడే ఉద్యోగంలో పెట్టుకునేవారు.